జిమ్ స్టెరాయిడ్లతో మగవారిలో రొమ్ముల పెరుగుదల: శరీరం లోపల ఏం జరుగుతుంది?

సంక్షిప్తంగా: కండల కోసం వాడే టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం శరీరంలోనే ఈస్ట్రోజన్‌గా మారి, చనుమొన కింద ఉండే గ్రంథిని పెంచుతుంది. మొదటి కొద్ది నెలల్లో పట్టుకుంటే మందులతో తగ్గే అవకాశం ఉంది. ఏడాది దాటితే ఆ గ్రంథి పీచు పట్టి గట్టిపడుతుంది, ఇక ఆపరేషనే దారి. సిగ్గుతో దాచిపెట్టి, జిమ్‌లో ఎవరో చెప్పిన మాత్రలతో నెట్టుకొచ్చే ఆ మధ్య కాలంలోనే అసలు నష్టం జరుగుతోంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు వీధికో జిమ్ ఉంది. పెళ్లిలోపో, పోటీల్లోపో, పోలీసు ఈవెంట్స్ లోపో కండలు రావాలని తొందరపడే కుర్రాళ్లు ఉన్న చోట ఇంజెక్షన్ల మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం జిమ్‌ల మీద, జిమ్‌లకు సరుకు అందించేవారి మీద దాడులు చేసి స్టెరాయిడ్లు, మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లు పట్టుకున్న వార్తలు ఇటీవలి సంవత్సరాల్లో పలుమార్లు వచ్చాయి. ఈ రెండూ ఒకే సంచిలో దొరుకుతున్నా ఒక జాతివి కావు. మెఫెంటర్మిన్ ఆపరేషన్ థియేటర్లో పడిపోయిన రక్తపోటును పెంచడానికి వాడే మందు. దానివల్ల గుండెకు ప్రమాదమే కానీ రొమ్ములు పెరగవు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది అనబాలిక్ స్టెరాయిడ్ల గురించి, అంటే టెస్టోస్టిరాన్, దాన్ని అటూఇటూ మార్చి తయారుచేసిన మందుల గురించి. ఆస్తమాకో, కీళ్లవాతానికో డాక్టర్లు రాసే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు పూర్తిగా వేరు.

చనుమొన కింద ఏముంటుంది?

పుట్టినప్పుడు ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా రొమ్ములో ఉండేవి ఒకే రకమైన సన్నని నాళాలు. ఈడు వచ్చాక ఆడపిల్లల్లో ఈస్ట్రోజన్ వాటిని పెంచుతుంది. మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ వాటిని పెరగనివ్వకుండా ఆపుతుంది. ఆపుతుందే తప్ప తీసేయదు. ఎనభై ఏళ్ల మగవాడి ఛాతీలోనూ ఆ నాళాలు ఉంటాయి, ఈస్ట్రోజన్‌ను అందుకునే గ్రాహకాలూ వాటిలో ఉంటాయి. కాబట్టి ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఈస్ట్రోజన్ ఎంత ఉందన్నది ఒక్కటే కాదు. టెస్టోస్టిరాన్‌తో పోలిస్తే అది ఎంత ఉందన్నదే అసలు విషయం. ఆ నిష్పత్తి ఈస్ట్రోజన్ వైపు మొగ్గిన ప్రతిసారీ గ్రంథి పెరగడం మొదలవుతుంది.

స్టెరాయిడ్ల జోలికి వెళ్లనివారిలోనూ జీవితంలో మూడు దశల్లో ఇలా జరుగుతుంది. తల్లి కడుపులో అందిన ఈస్ట్రోజన్ వల్ల పసికందుల్లో, హార్మోన్లు ఇంకా కుదురుకోని 13, 14 ఏళ్ల వయసులో, టెస్టోస్టిరాన్ తగ్గి కొవ్వు పెరిగే వృద్ధాప్యంలో. ఈడొచ్చే మగపిల్లల్లో దాదాపు సగం మందికి ఎంతో కొంత ఈ వాపు కనిపిస్తుంది. ఎక్కువ మందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు దానంతట అదే పోతుంది. ఈ సంగతి తెలియని ఇళ్లలో అనవసరంగా టెన్షన్ పడుతుంటారు.

మగ హార్మోన్ వేసుకుంటే ఆడ హార్మోన్ ఎందుకు పెరుగుతుంది?

శరీరం ఈస్ట్రోజన్‌ను నేరుగా తయారుచేయదు. ముందు టెస్టోస్టిరాన్ వంటి మగ హార్మోన్ తయారుచేసి, దాన్ని అరోమటేజ్ అనే ఎంజైమ్‌తో ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఈ ఎంజైమ్ కొవ్వులో, వృషణాల్లో, మెదడులో, ఎముకల్లో ఉంటుంది. మగవారికీ కొంత ఈస్ట్రోజన్ అవసరమే. ఎముక గట్టిదనానికి, లైంగిక కోరికకు అది కావాలి. అందుకే ఈ మార్పిడి జబ్బు కాదు, రోజూ జరిగే మామూలు పని.

ఆ పనికి అందే ముడిసరుకు ఎంతో చూస్తే తేడా తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడి శరీరం రోజుకు సుమారు 5 నుంచి 7 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ తయారుచేసుకుంటుంది. హార్మోన్ లోపం ఉన్నవారికి వైద్యులు వారానికి 100 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఇంజెక్షన్ ఇస్తారు. జిమ్‌లో వాడకం 300 దగ్గర మొదలై వెయ్యి కూడా దాటుతుంది. దానితోపాటు మరో రెండు మూడు మందులు కలుపుతారు, దీన్నే స్టాక్ అంటారు. ఇంత ముడిసరుకు చేరినప్పుడు అరోమటేజ్ తన పని తాను చేసుకుపోతుంది, రక్తంలో ఎస్ట్రాడయోల్ అనే ప్రధాన ఈస్ట్రోజన్ పెరుగుతుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో ఎంజైమ్ కూడా ఎక్కువే. పుట్టుకతో వచ్చే తేడాలూ ఉంటాయి. ఇద్దరు స్నేహితులు ఒకే మందు, ఒకే మోతాదు వేసుకుంటే ఒకరికి ఏమీ కాకపోవడం, మరొకరికి నెల తిరగకముందే గడ్డ రావడం ఇందువల్లే. 'వాడికేం కాలేదు కదా' అన్న ధైర్యానికి అందుకే విలువ లేదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ మందులు కండ పెంచే మాట నిజం. 1996లో షలేందర్ భాసిన్ బృందం ప్రచురించిన పరిశోధనలో ఆరోగ్యవంతులైన పురుషులకు వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్‌ను 10 వారాలు ఇచ్చారు. వ్యాయామం కూడా చేసినవారిలో కొవ్వు కాని బరువు సగటున ఆరు కిలోలు పెరిగింది. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1970లలో, స్టెరాయిడ్ల వల్ల కండ పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని వైద్య వర్గాలు చెబుతూ వచ్చాయి. కళ్లెదుట ఫలితం చూస్తున్న బాడీబిల్డర్లు ఆ మాట నమ్మలేదు. దానితోపాటు వైద్యులు చెప్పిన మిగతా హెచ్చరికల్ని కూడా నమ్మడం మానేశారు. డాక్టర్ కంటే సీనియర్ లిఫ్టర్ మాటకే జిమ్‌లో ఇప్పటికీ ఎక్కువ గౌరవం ఉండడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణం.

అన్ని మందులూ ఒకేలా పనిచేయవు

టెస్టోస్టిరాన్ ఎనాంథేట్, సిపియోనేట్, ప్రొపియోనేట్, నాలుగు రకాలు కలిపిన సస్టనాన్... ఇవన్నీ చివరికి టెస్టోస్టిరాన్లే. ఒంట్లోకి ఎంత నెమ్మదిగా విడుదలవుతాయన్న దానిలోనే తేడా. వీటన్నిటికీ ఈస్ట్రోజన్‌గా మారే గుణం ఉంది.

జిమ్‌లో డీబాల్ అని పిలిచే డయానాబాల్ 1958లో సీబా కంపెనీ అమెరికాలో తెచ్చిన మాత్ర. కొత్తవారు సూదికి భయపడి ముందు దీనితోనే మొదలుపెడతారు. సూది లేదు కాబట్టి సురక్షితమనుకుంటారు. నిజానికి రొమ్ము విషయంలో ఇది టెస్టోస్టిరాన్ కంటే మొండిది. దీన్నుంచి పుట్టేది మామూలు ఎస్ట్రాడయోల్ కాదు, కాలేయం త్వరగా విరగ్గొట్టలేని మిథైల్ ఎస్ట్రాడయోల్. అందువల్ల కొంచెం తయారైనా ఎక్కువ సేపు పనిచేస్తుంది. పైగా మాత్ర కాలేయంలో నాశనం కాకుండా ఉండేందుకు దాని నిర్మాణంలో చేసిన మార్పే కాలేయానికి హాని చేస్తుంది.

డెకా అని పిలిచే నాండ్రలోన్ తక్కువగానే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. కానీ దానికి మరో ఆడ హార్మోన్ అయిన ప్రొజెస్టెరాన్‌ను పోలిన గుణం ఉంది. ట్రెన్ అని పిలిచే ట్రెన్‌బొలోన్ అసలు ఈస్ట్రోజన్‌గా మారదు, అయినా ప్రొజెస్టెరాన్ గ్రాహకాలను పట్టుకుంటుంది. మనుషుల కోసం ఆమోదం పొందిన మందు కూడా కాదది. అమెరికాలో మాంసం కోసం పెంచే పశువుల చెవి చర్మం కింద పెట్టే గుళికల్లో వాడేది. స్టానొజొలాల్, ఆక్సాండ్రొలోన్ లాంటివి టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టిరాన్ కుటుంబానికి చెందినవి. అరోమటేజ్ వాటిని మార్చలేదు. 'ఇవి వేసుకుంటే గైనో (రొమ్ముల పెరుగుదల) రాదు' అనే ప్రచారానికి మూలం ఇదే. ఆ ప్రచారంలో సగమే నిజం ఉంది. ఆ మందు స్వయంగా ఈస్ట్రోజన్ కాకపోయినా, శరీరం సొంత టెస్టోస్టిరాన్ తయారీని మాత్రం ఆపేస్తుంది. రక్తంలోని కొవ్వుల మీద వాటి ప్రభావం కూడా చెడ్డది. మంచి కొలెస్టరాల్ బాగా పడిపోతుంది.

సైకిల్ ఆపాక గడ్డ ఎందుకొస్తుంది?

సైకిల్ అంటే కొన్ని వారాల పాటు స్టెరాయిడ్లు వాడే కోర్సు. అది నడిచినన్నాళ్లూ బాగానే ఉండి, ఆపిన కొన్ని వారాలకు ఛాతీ నొప్పి మొదలైందని చెప్పేవారు చాలామంది. మందు ఆపితే తగ్గాలి కదా, పెరగడమేమిటన్నది వారి అయోమయం.

బయటి నుంచి హార్మోన్ వస్తున్నప్పుడు మెదడు, పిట్యూటరీ గ్రంథి కలిసి వృషణాలకు పంపే సంకేతాలను ఆపేస్తాయి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే ఆ రెండు హార్మోన్లూ దాదాపు సున్నాకు పడిపోతాయి. పనిలేని వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాల తయారీ ఆగుతుంది. కోర్సు ముగిశాక ఇంజెక్షన్ మందు కరిగిపోతుంది. కానీ ఆగిపోయిన సంకేతాలు వెంటనే మొదలుకావు. కొందరిలో నెలలు, కొందరిలో ఏడాది పైనే పడుతుంది. ఆ మధ్యలో సొంత టెస్టోస్టిరాన్ అట్టడుగున ఉంటుంది, ఈస్ట్రోజన్ అంత త్వరగా పడిపోదు. గ్రంథిని ఆపే చేయి లేకుండాపోతుంది. నీరసం, దిగులు, కోరిక తగ్గడం కూడా అప్పుడే కలిసి వస్తాయి. వాటిని తట్టుకోలేక మళ్లీ ఇంకో సైకిల్ మొదలుపెట్టేవారున్నారు. అలా మొదలుపెట్టిన ప్రతిసారీ సొంత హార్మోన్ కోలుకునే రోజు ఇంకా వెనక్కి జరుగుతుంది.

వృషణాలను తిరిగి మేల్కొల్పడానికని కొందరు ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇంజెక్షన్ వేసుకుంటారు. అది వృషణాలను గట్టిగా ప్రేరేపిస్తుంది నిజమే, కానీ అక్కడి అరోమటేజ్‌ను కూడా పెంచుతుంది. గడ్డకు విరుగుడనుకుని వేసుకున్నది గడ్డనే పెంచిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు.

జిమ్ బ్యాగులో దొరికే విరుగుళ్లు

చనుమొన దగ్గర దురద, చొక్కా రాసుకున్నా సలుపు, నొక్కితే చనుమొన కింద రబ్బరు బిళ్లలా జారే గట్టి ముద్ద. ఇవి మొదటి గుర్తులు. ఈ దశలో డాక్టర్ దగ్గరకు వెళ్లేవారు తక్కువ. జిమ్‌లోనే సలహా దొరుకుతుంది: టామోక్సిఫెన్ వేసుకో, లెట్రోజోల్ వేసుకో, అనాస్ట్రోజోల్ వేసుకో. మూడూ ఆడవారి రొమ్ము క్యాన్సర్ చికిత్స కోసం వచ్చిన మందులే. పనిచేసే తీరు మాత్రం వేరు. టామోక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని మూసేస్తుంది, రక్తంలో ఈస్ట్రోజన్‌ను తగ్గించదు. మిగతా రెండు అరోమటేజ్‌నే అడ్డుకుంటాయి, అంటే ఈస్ట్రోజన్ తయారీనే కోసేస్తాయి.

తయారీని ఆపే మందే మెరుగ్గా ఉండాలని తర్కం చెబుతుంది. అనుభవం వేరేలా ఉంది. దీనికి మంచి పోలిక ప్రొస్టేట్ క్యాన్సర్ రోగుల్లో దొరుకుతుంది. బైకాలుటమైడ్ అనే మందు వాడే ఆ రోగుల్లో మగ హార్మోన్ పని ఆగి, చాలామందికి రొమ్ములు నొప్పితో పెరుగుతాయి. వారి మీద జరిగిన పరిశోధనల్లో అనాస్ట్రోజోల్ కంటే టామోక్సిఫెన్ స్పష్టంగా బాగా పనిచేసింది. ఈడొచ్చే పిల్లల్లో పరీక్షించినప్పుడూ అనాస్ట్రోజోల్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగైన ఫలితం చూపలేదు. లెట్రోజోల్‌ను ఇష్టం వచ్చినట్టు వాడితే ఈస్ట్రోజన్ మరీ అడుగంటుతుంది. కీళ్ల నొప్పులు, కోరిక పోవడం, దీర్ఘకాలంలో ఎముక పలచబడటం దాని ఫలితాలు. టామోక్సిఫెన్‌కూ రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది, స్టెరాయిడ్లతో చిక్కబడిన రక్తంలో అది ఇంకా ఆలోచించాల్సిన విషయం. వైద్యులు దాన్ని సాధారణంగా పరిమిత కాలానికి, పరీక్షలు చూస్తూ రాస్తారు.

అన్నిటికంటే పెద్ద సమస్య మరొకటి. మాత్ర వేసుకోగానే సలుపు తగ్గుతుంది. నొప్పి పోయింది కాబట్టి గడ్డ పోయిందనుకుని స్టెరాయిడ్ కొనసాగిస్తారు. లోపల గ్రంథి మాత్రం మారిపోతూ ఉంటుంది.

ఆరు నెలలు, ఏడాది: ఈ గీతలు ఎందుకు?

మొదటి దశలో గ్రంథిలోని నాళాలు కొత్తగా చిగురిస్తాయి, చుట్టూ వాపు ఉంటుంది, రక్తప్రసరణ ఎక్కువ. నొప్పి ఉండేది ఇప్పుడే. సుమారు ఆరు నెలల వరకు సాగే ఈ దశలో కారణాన్ని తీసేసినా, టామోక్సిఫెన్ లాంటిది సరిగ్గా వాడినా గ్రంథి వెనక్కి తగ్గగలదు. ఆ తర్వాత నెమ్మదిగా నాళాల చుట్టూ పీచు పేరుకుంటుంది. ఏడాది దాటేసరికి చాలావరకు పీచు కణజాలమే మిగులుతుంది. దానికి నొప్పి ఉండదు, హార్మోన్‌తో పనీ ఉండదు. అందుకే ఏ మాత్రా దాన్ని కరిగించలేదు. ఛాతీ వ్యాయామాలు కూడా కరిగించలేవు. కింది కండ పెరిగితే ముద్ద ఇంకా ముందుకు పొడుచుకొస్తుంది.

అప్పుడు మిగిలేది శస్త్రచికిత్స. చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం కింది అంచున అర్ధచంద్రాకారంలో చిన్న కోత పెట్టి, అక్కడి నుంచి గ్రంథిని తీస్తారు. ఈ కోత పద్ధతి 1946లో వెబ్‌స్టర్ అనే వైద్యుడి పేరుతో స్థిరపడింది. మామూలు మనుషుల్లో కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్‌ను కూడా కలుపుతారు. బాడీబిల్డర్‌లో కొవ్వు పొర దాదాపు ఉండదు, ఉన్నదంతా గట్టి గ్రంథే. లైపోసక్షన్ ఒక్కదానితో పని కాదు. చనుమొన లోపలికి కూరుకుపోకుండా దాని కింద పలచని పొర వదలాలి. ఆ పొర కాస్త మందంగా మిగిలి, మనిషి మళ్లీ సైకిల్ మొదలుపెడితే గడ్డ తిరిగి వస్తుంది. పెరిగిన కండలకు రక్తనాళాలు ఎక్కువ కాబట్టి ఆపరేషన్ తర్వాత లోపల రక్తం చేరే ప్రమాదం వీరిలో ఎక్కువని సర్జన్లు జాగ్రత్తపడతారు. తర్వాత కొన్ని వారాలు బిగుతైన బనియన్ వేసుకోవాలి, బరువులు ఎత్తకూడదు.

కొవ్వా, గ్రంథా, మరేదైనా?

ఛాతీ పెరిగిన ప్రతి మగవాడూ స్టెరాయిడ్ వాడినట్టు కాదు. బరువు పెరిగినవారిలో చాలాసార్లు అది ఉత్త కొవ్వే. రెండు వేళ్లతో చనుమొన వైపు నొక్కుతూ వస్తే మెత్తగా ఉండి ప్రత్యేకంగా ముద్ద తగలకపోతే కొవ్వు, చనుమొన కిందే గుండ్రంగా గట్టిగా తగిలితే గ్రంథి. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ తేలుస్తుంది. గుండె, కాలేయ జబ్బులకు వాడే స్పైరనోలాక్టోన్, ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్ మాత్రలు, జుట్టు కోసం వాడే ఫినాస్టరైడ్, మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్ వల్ల కూడా వస్తుంది. మద్యంతో చెడిన కాలేయం, థైరాయిడ్ ఎక్కువవడం, కిడ్నీ వైఫల్యం, అరుదుగా వృషణాల్లో కణితి కూడా కారణాలే.

వే ప్రోటీన్, క్రియాటిన్ వల్ల రొమ్ములు పెరుగుతాయన్న భయం చాలా ఇళ్లలో ఉంది. పాల నుంచి తీసిన వే ప్రోటీన్‌లో అలా చేసే హార్మోన్ లేదు, క్రియాటిన్ హార్మోనే కాదు. మామూలుగా తినే సోయాతోనూ భయం లేదు. కానీ లేబుల్ మీద చెప్పకుండా స్టెరాయిడ్ కలిపిన సప్లిమెంట్లు వివిధ దేశాల్లో పరీక్షల్లో బయటపడ్డాయి. 'నెలలో పది కిలోలు' అని అమ్మే డబ్బా విషయంలో తల్లిదండ్రుల అనుమానం సరైనదే.

మగవారికీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఒక శాతం లోపే అయినా, గుర్తించడంలో ఆలస్యమే ఎక్కువ. ముద్ద చనుమొనకు పక్కగా ఉండటం, రాయిలా గట్టిగా కదలకుండా ఉండటం, ఒక వైపే రావడం, చనుమొన నుంచి రక్తం, చర్మం లోపలికి లాగినట్టు ఉండటం, చంకలో గడ్డ... వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించుకోవాలి.

చట్టం ఎక్కడ ఆగుతోంది?

మన దేశంలో ఈ మందులు 1945 నాటి ఔషధ నిబంధనల షెడ్యూల్ హెచ్ కిందకు వస్తాయి. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమెరికా 1990లో ప్రత్యేక చట్టం చేసి వీటిని నియంత్రిత పదార్థాల మూడో జాబితాలో చేర్చింది, చీటీ లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం చేసింది. బ్రిటన్‌లో సరఫరా నేరం, సొంత వాడకానికి దగ్గర ఉంచుకోవడం కాదు. మన నిబంధన అమ్మేవాడి మీదే గురిపెట్టింది, అమ్మకం మాత్రం మెడికల్ షాపు దాటి ట్రైనర్ చేతికి, వాట్సాప్ గ్రూపుకు ఎప్పుడో వెళ్లిపోయింది. 2022లో జాతీయ డోపింగ్ నిరోధక చట్టం వచ్చినా అది క్రీడాకారులకు సంబంధించినది. సాయంత్రం గంట సేపు జిమ్‌కు వెళ్లే ఉద్యోగి దాని పరిధిలో లేడు. ఆ ఉద్యోగే రేపు జిల్లా స్థాయి పోటీకి దిగితే, స్టెరాయిడ్‌తోపాటు గడ్డకు వేసుకున్న టామోక్సిఫెన్, లెట్రోజోల్ కూడా నిషేధిత జాబితాలో ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది.

డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి?

ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ల వైద్యుడు) సాధారణంగా టెస్టోస్టిరాన్, ఎస్ట్రాడయోల్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, థైరాయిడ్, కాలేయం, కిడ్నీ పరీక్షలు, బీటా హెచ్‌సీజీ చూస్తారు. స్టెరాయిడ్ మాట దాచిపెడితే ఈ రిపోర్టులు దారి తప్పిస్తాయి. టెస్టోస్టిరాన్ విపరీతంగా ఉండి ఎల్‌హెచ్ సున్నా దగ్గర ఉంటే బయటి ఇంజెక్షన్ అని తెలిసిపోతుంది. కానీ నాండ్రలోనో ట్రెన్‌బొలోనో మాత్రమే వాడినవారిలో టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్ రెండూ అడుగున కనిపిస్తాయి, అది పిట్యూటరీ గ్రంథి జబ్బులా అనిపిస్తుంది. దాంతో మెదడు స్కానింగ్ వరకు వెళ్లి, ఖర్చూ కాలమూ రెండూ పోతాయి. గడ్డ మందులకు లొంగే ఆ కొద్ది నెలలూ అలా కరిగిపోతాయి. హెచ్‌సీజీ వేసుకున్న సంగతి చెప్పకపోతే బీటా హెచ్‌సీజీ పెరుగుదలను చూసి వృషణాల్లో కణితి ఉందేమోనని వెతకాల్సి వస్తుంది.

వేసుకున్న మందుల పేర్లు, మోతాదు, ఎన్ని వారాలు, చివరి ఇంజెక్షన్ తేదీ చెబితే చాలు. ఖాళీ సీసా, మాత్రల స్ట్రిప్ మిగిలి ఉంటే వెంట తీసుకెళ్లడం మంచిది. చాటుగా అమ్మే సరుకులో నకిలీ ఎక్కువ, లేబుల్ మీద ఉన్న మందే లోపల ఉందన్న భరోసా లేదు, ఆ విషయం డాక్టర్‌కూ తెలుసు. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్నవారైతే అదే సందర్భంలో వీర్యపరీక్ష అడగాలి. చాలామందిలో వీర్యకణాలు తిరిగి వస్తాయి, కానీ దానికి ఏడాదో రెండేళ్లో పట్టొచ్చు, లెక్క మొదలయ్యేది చివరి ఇంజెక్షన్ నుంచే.